నీళ్ల పొయ్యి ఆరేదెప్పుడు?

వదినది పామర్రు దగ్గర పల్లె. రెండెకరాల సొంత పొలం, కొంత కౌలు, రెండు గేదెలు. పొదుపు సంఘం మొదలైన నాటినుంచి లెక్కల పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. ఆడపడుచు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరై విజయవాడ పటమటలో ఉంటోంది. పండక్కో పబ్బానికో కలిసినప్పుడల్లా వంటింటి పొగ మీద ఇద్దరికీ పేచీ వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశంలో శుభ్రమైన ఇంధనంతో వండే ఇళ్లు 58.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం పైనే. ఆ సర్వేలో అడిగేది వంటకు ముఖ్యంగా ఏం వాడతారని మాత్రమే. దొడ్లో వెలిగే రెండో పొయ్యి అందులో కనపడదు. వీళ్ల పేచీ ఆ రెండో పొయ్యి గురించే.

ఆడపడుచు: వదినా, రాత్రంతా దగ్గుతూనే ఉన్నావు. నీ పిల్లికూతలు పక్కగదిలోకి వినపడ్డాయి. ఈసారి నాతో బెజవాడ రా, ఊపిరితిత్తుల పరీక్ష చేయిద్దాం. గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు, అంతే. సూది కూడా గుచ్చరు.

వదిన: తెల్లారుగట్ల మంచులో పొలం గట్ల మీద తిరిగితే దగ్గు రాదా? నేనేమన్నా బీడీ తాగానా, చుట్ట తాగానా?

ఆడపడుచు: ఆసుపత్రిలో ఎంతమంది ఆడవాళ్ల నోట విన్నానో ఈ మాట. మగవాడు ఆయాసంతో వస్తే డాక్టరు మొదట అడిగేది పొగ తాగుతావా అని. ఆడమనిషిని అడగరు. అడిగినా లేదంటుంది. ఉబ్బసమని రాసి బిళ్లలిచ్చి పంపేస్తారు. వంట దేనిమీద చేస్తావమ్మా, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావు అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. సిగరెట్టు తాగని ఆడవాళ్లలో సీవోపీడీ రావడానికి పొయ్యి పొగ పెద్ద కారణం. శ్వాసనాళాలు ఏళ్ల తరబడి వాచి, గట్టిపడి, గాలి బయటికి పోనివ్వవు. ఒకసారి పాడైనవి మళ్లీ మామూలు కావు.

వదిన: మీ అమ్మ జీవితమంతా ఆ పొయ్యి మీదే వండింది. ఎనభై దాటి బతికింది.

ఆడపడుచు: ఎట్లా బతికిందో దగ్గరుండి చూసిందానివి నువ్వే కదా. వెల్లకిలా పడుకోలేక గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. అరవై రాకముందే రెండు కళ్లకూ శుక్లాలు. బతికింది కాబట్టి పొగ ఏమీ చెయ్యలేదంటావా?

వదిన: అనను. ఆవిడకు చేసింది నేనే. కానీ అదంతా పొగ వల్లేనని నువ్వెట్లా చెబుతావు?

ఆడపడుచు: ఒక్క అమ్మ గురించి ఎవరూ చెప్పలేరు. లక్షలమందిని చూసి చెప్పగలరు. ఇళ్లలో ఈ పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షలమంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో రెండు లక్షలకు పైగా అయిదేళ్లలోపు పసిపిల్లలు. మన తెలుగు పల్లెల్లోనే కొలిచారు కూడా. చెన్నై శ్రీరామచంద్ర వైద్య కళాశాల నుంచి కల్పనా బాలకృష్ణన్ బృందం వచ్చి నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో నాలుగు వందలకు పైగా ఇళ్లలో గాలి పట్టి తూచింది. 2004లో అచ్చువేశారు. గ్యాస్ వాడే ఇళ్లలో రోజు మొత్తం సగటున ఘనమీటరు గాలికి 73 మైక్రోగ్రాముల సన్నధూళి ఉంది. కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో అది 732 దాకా పోయింది. ఆ ఇళ్లలో అందరికంటే ఎక్కువ పీల్చింది వంట చేసే మనిషే.

వదిన: అవి తలుపేసిన వంటగదులు. మాది తాటాకు పాక. మూడు పక్కలా గాలి కొడుతుంది. పొగ ఎటు పోవాలో అటు పోతుంది.

ఆడపడుచు: ఆరుబయట వండితే గదిలో పొగ తగ్గుతుంది, ఆ మాట వాళ్లూ రాశారు. వంటగది ఎట్లాంటిదన్నది బట్టి లెక్క మారుతుందన్నారు. కానీ పొగ ఎటు పోయినా నీ మొహం ఎక్కడుంది? మొన్న ముసురు పట్టినప్పుడు నీ పక్కనే కూర్చుని చూశాను. తుమ్మ పుల్లలు తడిసి ఉన్నాయి. కింద రెండు కొబ్బరి మట్టలు పెట్టావు, అంటుకోలేదు. పాలప్యాకెట్టు కవరు వెలిగించి వాటికింద దూర్చావు. దాని నల్లటి పొగ నీ ముక్కు కిందికే వచ్చింది. తర్వాత మోకాళ్ల మీద వంగి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఊదావు. ఊది, ఊపిరి తీసుకోవాలి కదా, ఆ ఊపిరి పొయ్యి నోటికి మూరెడు దూరంలో తీసుకున్నావు. కళ్లు పమిటతో తుడుచుకుని మళ్లీ ఊదావు. మంట పట్టేసరికి ఇంట్లో వాళ్లంతా అవతల వసారాలో ఉన్నారు, పొగ దగ్గర ఉన్నది నువ్వొక్కదానివే. పుల్ల సరిగ్గా మండకుండా రాజుకునే ఆ సమయంలోనే అన్నిటికంటే ఎక్కువ విషం వస్తుంది. ఇక ఎర్రటి నిప్పులయ్యాక పొగ కనపడదు, అయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది.

వదిన: సరే, పొగ మంచిదని నేనెప్పుడన్నాను? ఊళ్లో ఏ ఆడదీ అనదు. నేనేదో ఇష్టపడి పొగలో వండుతున్నట్టు నువ్వు మాట్లాడుతున్నావు, నాకు కోపం వచ్చేది అక్కడ. గ్యాస్ వచ్చింది నాకు నిన్నా మొన్నా కాదు. 1999లో చంద్రబాబు దీపం పథకం పెట్టినప్పుడు మా సంఘానికి మొదటి జట్టులోనే ఇచ్చారు. డిపాజిట్ సర్కారు కట్టింది, స్టవ్వూ మొదటి బండా మేం కొనుక్కున్నాం. స్టవ్వుకు పసుపు రాసి బొట్టు పెట్టాం. ఆ బండ ఎన్నాళ్లు వాడానో తెలుసా? చుట్టాలొస్తే టీ, పిల్లలకు పాలు, జ్వరం వస్తే జావ. దాచుకుని దాచుకుని ఏడాది వాడాను.

ఆడపడుచు: నువ్వొక్కదానివే కాదు. దీపం ఇళ్ల మీద ప్రపంచబ్యాంకు చేయించిన పరిశీలనలోనూ అదే తేలింది. గ్యాస్ ఉన్నా కట్టెలు ఆగలేదు.

వదిన: ఎందుకు ఆగుతాయి? పుల్లలకు డబ్బు పెట్టక్కర్లేదు. సరివితోట కొడితే మండలొస్తాయి, గట్టు మీద తుమ్మ ఉంది, దాళ్వా బదులు మొక్కజొన్న వేస్తే కండెలు కుప్పలుగా పడి ఉంటాయి. గేదెలు ఉన్నన్నాళ్లు పిడకలుంటాయి. బండకు మాత్రం నోటు తీసి ఇవ్వాలి. 2023లో వెయ్యి నూరు దాటింది గుర్తుందా? అప్పుడు మా వీధిలో ఎంతమంది స్టవ్వు మీద గుడ్డ కప్పేశారో నువ్వు చూడలేదు.

ఆడపడుచు: తర్వాత తగ్గింది. కేంద్రం ఉజ్వల పథకం కింద ఇచ్చిన కనెక్షన్లకు బండకు మూడొందలు రాయితీ ఇస్తున్నారు. మన రాష్ట్రంలో 2024 నవంబరు 1 నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితం.

వదిన: మూడు. అయిదుగురున్న ఇల్లు. అన్నం, కూర, టిఫిను, టీ మొత్తం గ్యాస్ మీదే చేస్తే బండ నలభై అయిదు రోజులొస్తుంది. అంటే ఏడాదికి ఎనిమిది. మూడు పోను అయిదు. ఒక్కోటి ఎనిమిదొందల పైన. నాలుగు వేలు దాటింది. పైగా ఉచితమన్న బండకు కూడా ముందు నేను డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. శ్రావణ మాసంలో, నాట్లయిపోయి కోతలు రాకముందు, కూలికి పోయేవాళ్ల చేతిలో ఎనిమిదొందలుంటాయా? పడతాయి సరే, అప్పటిదాకా బండవాడు ఆగుతాడా? ఆధార్‌లో పేరొకటి, గ్యాస్ పుస్తకంలో పేరొకటి ఉంటే అసలు పడనే పడవు. మా సంఘంలో ఇట్లాంటివాళ్ల కాగితాలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నా.

ఆడపడుచు: అది ఒప్పుకుంటా. దేశమంతా అదే కథ. 2016లో ఉజ్వల మొదలయ్యాక కోట్ల కనెక్షన్లిచ్చారు. 2019-20లో ఆ ఇళ్లు సగటున కొన్నది ఏడాదికి మూడు బండలు, 2023-24కి నాలుగుకు చేరింది. మూడు బండలతో ఏ ఇల్లూ ఏడాది వండలేదు. కనెక్షన్ల లెక్క చెప్పి పొగ పోయిందనడం తప్పు.

వదిన: ఇంకా నీళ్లు కాచడం, ఉలవలు ఉడకేయడం అందులో కలపలేదు నేను.

ఆడపడుచు: నీళ్ల లెక్క నేను వేశాను. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లు చల్లదనం పోయి ఒంటికి సరిపోయే వేడి రావాలంటే 65, 70 గ్రాముల గ్యాస్ కావాలి. రోజుకు అయిదు బకెట్లంటే ఒక బండ ఆరు వారాల్లో నీళ్లకే అయిపోతుంది.

వదిన: చూశావా? మరి నీళ్ల పొయ్యి ఆర్పమని నన్నెట్లా అడుగుతావు?

(ఇక్కడ నేనొక మాటతో అడ్డువస్తాను. హైదరాబాదు రోడ్డులోనూ ఏలూరు వైపూ హోటళ్ల ముందు ‘కట్టెల పొయ్యి వంట’ అని బోర్డులు పెడుతున్నారు. ఆ రుచి కోసం కార్లు ఆపుకుని మరీ తింటున్నాం. చాలాచోట్ల ఆ పొయ్యి ముందు గంటల తరబడి నిలబడేది ఎవరో ఒక ఆడమనిషి. మనం రుచికి డబ్బిస్తున్నాం, ఆమె ఊపిరికి ఎవరూ ఇవ్వడం లేదు. వదిన రుచి మాట ఎత్తలేదు. పొయ్యి ముందు కూర్చునేవాళ్లు ఎత్తరు.)

ఆడపడుచు: ఇదివరకు పొగలేని పొయ్యిలని వచ్చాయి కదా, అవి ఏమయ్యాయి?

వదిన: ఎనభైల్లో బీడీవో ఆఫీసు నుంచి వచ్చి వేసి పోయారు. మట్టి పొయ్యి, పైన సిమెంటు గొట్టం. దాని నోరు చిన్నది, మా గుండిగ పట్టేది కాదు. గొట్టం తాటాకు కప్పులోంచి పైకి పెట్టారు, నిప్పురవ్వ పడితే పాక కాలుతుందని భయం. వానకు గొట్టం చుట్టూ కారేది. మసి పట్టి పూడుకుపోతే పొగంతా మళ్లీ లోపలికే. మూడో ఏడు పగలగొట్టి పాత పొయ్యి పెట్టుకున్నా. వండే మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే నోరు పెద్దది పెట్టేవాళ్లు.

ఆడపడుచు: ఆ ఆలోచన పుట్టింది కూడా మన దగ్గరే. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు అనే ఆయన స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే గొట్టం పొయ్యి తయారుచేసి, 1953లో దాని మీద పుస్తకం వేశాడు. పేదింటి వంటగదిలో పొగ ఉండకూడదని అప్పుడే అన్నాడు. కేంద్రం 1983లో దేశమంతా పథకం పెట్టి 2002లో ఆపేసింది. తర్వాత ఒడిశాలో అలాంటి పొయ్యిలే ఇచ్చి కొన్నేళ్లు గమనించారు. మొదటి ఏడు పొగ తగ్గింది, తర్వాత మరమ్మతు చేసేవాళ్లు లేక ఎప్పటిలాగే అయింది. నీ ఇంట్లో జరిగిందే అక్కడా జరిగింది.

వదిన: ఇంకో మాట. మీ ఊరి పక్కన ఇబ్రహీంపట్నంలో థర్మల్ గొట్టాలు నలభై ఏళ్లకు పైగా పొగ కక్కుతున్నాయి. హైవే మీద లారీలు. కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెడుతున్నారు. వాటిని వదిలేసి ఆడదాని పొయ్యి మీద పడ్డారేం అందరూ?

ఆడపడుచు: వాటిని వదలమని నేననను. కానీ గొట్టం పొగ ఆకాశంలో కలిసి పలచబడి మన దగ్గరికి వస్తుంది. పొయ్యి పొగ నేరుగా నీ ముక్కులోకి వస్తుంది. కర్క్ స్మిత్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు, 1980ల మొదట్లో గుజరాత్ పల్లెల్లో తిరిగి ఆడవాళ్లు పీల్చే పొగ కొలిచినవాడు. ఇంట్లో వదిలిన కాలుష్యం బయట వదిలినదానికంటే వెయ్యి రెట్లు ఎక్కువగా మనుషుల ఊపిరిలోకి చేరుతుందని ఆయన లెక్క. థర్మల్ పొగను ఆపమని అడిగే హక్కు నీకుంది. ఈ పొగ ఆగితే మాత్రం రేపటినుంచే నీకు తేడా తెలుస్తుంది.

వదిన: గ్యాస్ వాడితే అన్నీ బాగైపోతాయా?

ఆడపడుచు: అబద్ధం చెప్పను, నీవైపు మాట ఒకటి నేనే చెబుతా. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండా పల్లెల్లో 3,200 మంది గర్భిణులను తీసుకుని సగంమందికి గ్యాస్ స్టవ్వూ బండలూ ఏడాదిన్నర ఉచితంగా ఇచ్చారు. కట్టెల మీద వండినవాళ్లు పీల్చిన సన్నధూళి ఘనమీటరుకు 70 మైక్రోగ్రాములుంటే, గ్యాస్ ఇచ్చినవాళ్లది 24. అయినా పుట్టిన బిడ్డల బరువు చెప్పుకోదగ్గంత పెరగలేదు, పిల్లల్లో నిమోనియా కూడా తగ్గలేదు. 2022లోనూ 2024లోనూ ఆ ఫలితాలు వచ్చాయి.

వదిన: మరింకేం? నీ నోటితోనే చెప్పావు.

ఆడపడుచు: చెప్పింది పూర్తిగా విను. గ్యాస్ వాళ్ల చేతికి వచ్చేసరికి గర్భం మూడు నుంచి అయిదో నెల. రోజుకు 15 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే 24 ఇంకా ఎక్కువే. తన పొయ్యి ఆపినా పక్కింటి పొయ్యి మండుతూనే ఉంది కదా. నీలాంటివాళ్ల ఊపిరితిత్తులు నలభై ఏళ్లు పీల్చి పాడైనవి, ఏడాదిన్నర లెక్క వాటికి చాలదు. ఆ పరిశీలనలో నాకు పనికొచ్చిన సంగతి ఇంకోటుంది. బండ అయిపోగానే ఇంటికే తెచ్చిచ్చారు, రూపాయి అడగలేదు. అప్పుడు ఆ ఆడవాళ్లు కట్టెల జోలికి దాదాపు పోనే పోలేదు. అలవాటు మానరు, చాదస్తం అని మిమ్మల్ని అంటుంటారే, అది నిజం కాదని తేలింది.

వదిన: ఆ మాట పెద్ద ఆఫీసర్లకు చెప్పు. మీటింగుకు వచ్చి మాకే పాఠం చెబుతారు, గ్యాస్ వాడండమ్మా ఆరోగ్యం అని.

ఆడపడుచు: చెబుతా. ముందు ఇంట్లో ఒకటి అడగనీ. అన్నయ్య మోటారు సైకిల్లో నెలకు ఎంత పెట్రోలు పోయిస్తున్నాడు?

వదిన: వెయ్యి, పన్నెండొందలు. పొలానికి, పామర్రుకు పోవాలి కదా.

ఆడపడుచు: బండి ఆగిపోతే ఆ రోజే పోయిస్తాడు. బండ అయిపోతే?

వదిన: ...వచ్చే వారం చూద్దాంలే, పుల్లలున్నాయిగా అంటాడు. బుకింగు ఆయన ఫోన్లోంచే పోవాలి. మెసేజీ వచ్చినా చూడడు.

ఆడపడుచు: పుల్లలు ఉచితమన్నావు ఇందాక. కంప కొట్టింది నువ్వు, మోపు కట్టి తెచ్చింది నువ్వు, ఎండబెట్టింది, వాన రాకముందు లోపల పేర్చింది నువ్వు. రోజు గడిచేసరికి రెండు మూడు గంటలు పొగలో కూర్చునేదీ నువ్వే. ఆ పనికి కూలి కట్టరు, ఆ దగ్గుకు ఖరీదు కట్టరు. అందుకే ఈ ఇంట్లో పుల్లలు ఉచితమయ్యాయి.

వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

వదిన: సరే, నన్నేం చెయ్యమంటావు? నాలుగు వేలు నువ్విస్తావా?

ఆడపడుచు: ఇస్తా, నువ్వు తీసుకోవు. అందుకని వేరే చెబుతా. మనింట్లో పసివాడున్నాడు, కోడలు మళ్లీ నెల తప్పింది. వంటంతా గ్యాస్ మీదే. నీళ్ల పొయ్యి ఆపలేవు, ఇప్పటికి ఒప్పుకుంటా. దాన్ని పాకలోంచి తీసి దొడ్డి చివర గేదెల కొట్టం అవతల పెట్టు. పిల్లాణ్ణి ఎత్తుకుని దాని దగ్గర కూర్చోవద్దు. ఎండున్న నెలల్లో నీళ్లు డాబా మీద నల్ల డ్రమ్ములో పోసి పెడితే సాయంత్రానికి కాగి ఉంటాయి, చలికాలంలోనే పొయ్యి. ప్లాస్టిక్ కవరు పొయ్యిలో పెట్టడం ఈ రోజుతో ఆపు.

వదిన: కవర్లు ఆపుతా. పొయ్యి మారుస్తా. డ్రమ్ము సంగతి మీ అన్నయ్యను అడుగు, డాబా ఎక్కించాల్సింది ఆయనే. నా వంతు మాట ఒకటి నువ్వు విను. మా గ్రామసంఘంలో పిల్లల ఫీజులకు అప్పిస్తాం, గేదె కొనడానికి ఇస్తాం. బండకు ఎందుకివ్వకూడదు? సంఘం ఎనిమిదొందలు కట్టి బండ దించుతుంది, సర్కారు డబ్బు ఖాతాలో పడ్డాక ఆ మనిషి తిరిగి కడుతుంది. కట్టుకోలేని నెలల్లో వాయిదా. వడ్డీ వద్దు. కూలికి పోయే ఇళ్లవాళ్లకు ముందు. వచ్చే సమావేశంలో తీర్మానం రాయిస్తా. కానీ అది మేం చెయ్యాల్సిన పని కాదు. ఉచితమన్నప్పుడు ముందు డబ్బడగకుండా ఇవ్వాలి, మూడు కాదు ఆరన్నా ఇవ్వాలి. నువ్వు డాక్టర్ల చేత ఆ మాట రాయించు.

ఆడపడుచు: రాయిస్తా. నువ్వు పరీక్షకు వస్తావా?

వదిన: నాట్లయ్యాక వస్తా.

ఆడపడుచు: నాట్లకు ముందే రావాలి.

వీళ్లిద్దరి మాటలూ రాసుకున్నాక చదివేవాళ్లను నేను అడిగేది కొంచెమే. దీపం-2 బండ ఏప్రిల్ నుంచి జూలై లోపు ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు లోపు ఒకటి, డిసెంబరు నుంచి మార్చి లోపు ఒకటి వస్తుంది. మీ ఇంట్లో పనికి వచ్చే మనిషికి, మీ పొలంలో నాట్లు వేసే మనిషికి ఈ విడత బండ అందిందో లేదో అడగండి. బుకింగు ఆమె ఫోను నుంచే జరిగేలా నంబరు మార్పించండి. పేర్లు కలవకపోతే గ్రామ సచివాలయానికి తోడు వెళ్లండి. డాక్టర్లయితే, దగ్గుతో వచ్చిన ఆడమనిషిని వంట దేనిమీద చేస్తావని అడిగి, చీటీ మీద రాయండి.